విదేశీ పెట్టుబడితో రోడ్లు, రేవులు, విమానాశ్రయాలు: దేశ సార్వభౌమత్వానికి ముప్పేనా? తరచుగా అడిగే ప్రశ్నలు

అశోక్‌నగర్, చిక్కడపల్లి ప్రాంతాల్లో గ్రూప్స్, సివిల్స్ పరీక్షలకు చదువుతున్నవారూ, టోల్‌ప్లాజా దగ్గర తాము కట్టిన సొమ్ము ఎవరి ఖాతాలోకి వెళుతోందో తెలుసుకోవాలనుకునే ప్రయాణికులూ తరచుగా వేసే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. హైదరాబాద్ చుట్టుపక్కల ఉదాహరణ దొరికిన చోట దాన్నే తీసుకున్నాను, దొరకని చోట ఇతర దేశాల అనుభవాన్ని చూపాను.

ప్రశ్న: విదేశీ పెట్టుబడితో మౌలిక సదుపాయాలు కట్టుకుంటే సార్వభౌమత్వం పోతుందా?

దానంతట అది పోదు. ఒక రేవునో రహదారినో విదేశీ సంస్థ నడుపుతున్నంత మాత్రాన చట్టం చేసే అధికారం, పన్ను వేసే అధికారం, శాంతిభద్రతల అధికారం ఆ సంస్థకు దఖలు పడవు. అయితే ప్రభుత్వం తాను సంతకం చేసిన ఒప్పందం ద్వారా తన చేతులు తానే కట్టేసుకోగలదు. ఇవాళ అధికారంలో ఉన్నవారు ముప్పై, నలభై ఏళ్లకు రాసిచ్చిన షరతుల వల్ల, ఇంకా ఓటు హక్కు కూడా రాని పిల్లలు పెద్దవారై ఎన్నుకునే ప్రభుత్వం ఏ నిర్ణయం మార్చాలన్నా భారీ పరిహారం చెల్లించాల్సిన పరిస్థితి రావచ్చు. అసలు ముప్పు అక్కడుందని నా అభిప్రాయం. అందుకే డబ్బు ఏ దేశానిదన్న ప్రశ్నకు ముందు, ఒప్పందంలో ఏముంది, దాన్ని ఎవరు చదివారు, ఎవరి కంట పడకుండా దాచారు అన్నవి అడగాలి.

ప్రశ్న: విదేశీ పెట్టుబడి, విదేశీ అప్పు రెండూ ఒకటేనా?

కాదు. ఈ రెంటినీ కలగలపడం వల్లనే చర్చ చాలాసార్లు దారి తప్పుతోంది. హైదరాబాద్‌లోనే రెండు రకాలూ కనిపిస్తాయి. శంషాబాద్ విమానాశ్రయ కంపెనీలో మలేసియా ఎయిర్‌పోర్ట్స్ సంస్థకు చాలాకాలం 11 శాతం వాటా ఉండేది. అది వాటా పెట్టుబడి. నష్టం వస్తే నష్టంలోనూ భాగం ఉంటుంది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డులో కొంత భాగానికి జపాన్ అంతర్జాతీయ సహకార సంస్థ, అంటే జైకా, అప్పు ఇచ్చింది. అప్పు ఇచ్చినవారికి రోడ్డు మీద హక్కు ఉండదు, కానీ రోడ్డు మీద వాహనాలు తిరిగినా తిరగకపోయినా వాయిదా కట్టి తీరాలి.

మూడోది దీర్ఘకాలిక లీజు. 2018లో జాతీయ రహదారుల ప్రాధికార సంస్థ ఆంధ్రప్రదేశ్, గుజరాత్‌లలోని తొమ్మిది రహదారి భాగాలపై టోల్ వసూలు చేసుకునే హక్కును ఆస్ట్రేలియాకు చెందిన మాక్వరీ సంస్థకు 30 ఏళ్లపాటు ఇచ్చి, రూ. 9,681 కోట్లు ముందుగానే తీసుకుంది. రోడ్డు ప్రభుత్వానిదే, దాన్ని నడిపే హక్కు మాత్రం చేయి మారింది.

ప్రశ్న: శ్రీలంక అప్పు కట్టలేక హంబన్‌టోట రేవును చైనాకు అప్పగించిందంటారు. నిజమేనా?

ఆ మాట అలాగే ప్రచారంలో ఉంది గానీ, జరిగిన క్రమం వేరు. రేవు కట్టడానికి చైనా ఎగ్జిమ్ బ్యాంకు అప్పులు ఇచ్చింది. రేవుకు ఆశించినన్ని ఓడలు రాలేదు. 2017 జులైలో శ్రీలంక ప్రభుత్వం రేవు నిర్వహణను 99 ఏళ్లకు చైనా మర్చంట్స్ పోర్ట్ హోల్డింగ్స్ సంస్థకు లీజుకిచ్చి, అందుకు 112 కోట్ల డాలర్లు పొందింది. ఆ సొమ్ముతో ఆ అప్పు రద్దు కాలేదు. డాలర్లు విదేశీ మారక నిల్వల్లోకి వెళ్లాయి, ఎగ్జిమ్ బ్యాంకు అప్పు శ్రీలంక ఖజానా నెత్తినే మిగిలింది. ఆనాడు శ్రీలంక మెడ మీద కత్తిలా వేలాడినవి ప్రధానంగా అంతర్జాతీయ బాండ్ల చెల్లింపులు. 2022 ఏప్రిల్‌లో ఆ దేశం విదేశీ అప్పులు కట్టలేనని ప్రకటించినప్పుడూ బాకీల్లో అతిపెద్ద వాటా బాండ్లదే.

కాబట్టి చైనా ఉచ్చు పన్ని రేవును లాక్కుందన్న కథనం లెక్కలకు పూర్తిగా నిలవదు. అలాగని సార్వభౌమత్వానికి ఏమీ కాలేదనడమూ సరికాదు. 2022 ఆగస్టులో చైనా నిఘా, పరిశోధక నౌక యువాన్ వాంగ్ 5 అదే రేవుకు వస్తానన్నప్పుడు భారత్ అభ్యంతరం చెప్పింది. కొలంబో మొదట రాకను వాయిదా వేయమని కోరి, కొద్దిరోజులకే అనుమతించింది. రేవు భద్రత శ్రీలంక చేతిలోనే ఉంది, అనుమతి ఇచ్చింది కూడా శ్రీలంక ప్రభుత్వమే. కానీ దివాలా తీసి, అప్పుల పునర్వ్యవస్థీకరణ కోసం అదే చైనాను బతిమాలుకుంటున్న ప్రభుత్వానికి కాదనే శక్తి ఎంత మిగులుతుంది? కాగితం మీద అధికారం చెక్కుచెదరకుండా ఉండి, వాడుకునే స్తోమత మాత్రం తరిగిపోవడం ఎలా ఉంటుందో ఇక్కడ కనిపిస్తుంది.

ప్రశ్న: ఒప్పందం చేసుకున్నాక ప్రభుత్వం ప్రాజెక్టును వెనక్కి తీసుకోలేదా?

తీసుకోగలదు, ఖరీదు చెల్లించి. దీనికి మాల్దీవుల ఉదాహరణ తెలుగువారు తప్పక తెలుసుకోవలసినది, ఎందుకంటే అక్కడ విదేశీ పెట్టుబడిదారు తెలుగువారు స్థాపించిన జీఎంఆర్ సంస్థే.

2010లో మాలె విమానాశ్రయాన్ని ఆధునికీకరించి 25 ఏళ్లు నడిపే కాంట్రాక్టు జీఎంఆర్, మలేసియా ఎయిర్‌పోర్ట్స్ కూటమికి దక్కింది. విదేశాలకు బయలుదేరే ప్రతి ప్రయాణికుడి నుంచి 25 డాలర్ల అభివృద్ధి రుసుము వసూలు చేసుకోవచ్చని ఒప్పందంలో ఉంది. పార్లమెంటు ఆమోదం లేని పన్ను వంటిది ఇదంటూ కేసు పడింది, మాల్దీవుల న్యాయస్థానం 2011 చివర్లో ఆ వసూలును ఆపింది. ఆ తర్వాత ప్రభుత్వం మారింది, విదేశీ కంపెనీ దేశ ఆస్తిని దోచుకుంటోందన్న నినాదం వీధుల్లో బలపడింది, 2012 నవంబరులో కొత్త ప్రభుత్వం ఒప్పందం చెల్లదని ప్రకటించింది. జీఎంఆర్ సింగపూర్ న్యాయస్థానానికి వెళ్లి స్వాధీనాన్ని ఆపే ఉత్తర్వు తెచ్చుకోగా, అక్కడి అప్పీలు న్యాయస్థానం 2012 డిసెంబరులో ఆ ఉత్తర్వును తొలగించింది. తన విమానాశ్రయాన్ని స్వాధీనం చేసుకునే అధికారం మాల్దీవుల ప్రభుత్వానికి ఉందన్నది ఆ తీర్పు సారాంశం. అయితే రద్దు అక్రమమని ఆర్బిట్రేషన్‌లో, అంటే కోర్టు బయట జరిగే మధ్యవర్తిత్వ విచారణలో, తేలింది, 2016లో మాల్దీవులు సుమారు 27 కోట్ల డాలర్ల పరిహారం చెల్లించాల్సి వచ్చింది.

ఈ కథను హైదరాబాద్‌లో కూర్చుని చదివేటప్పుడు మనసు సహజంగా మన కంపెనీ వైపు మొగ్గుతుంది. చైనా కంపెనీ శ్రీలంకలో ఉన్నప్పుడు మనం వేసే ప్రశ్నలే మాలె వాసులు మన గురించి వేశారని గమనిస్తే ఆ మొగ్గు కొంత తగ్గుతుంది. పార్లమెంటు ముందుకు రాని రుసుమును కాంట్రాక్టులో రాసుకోవడమే అక్కడ గొడవకు మూలం. చివరికి సార్వభౌమాధికారం నిలిచింది గానీ, చిన్న దేశపు ఖజానాకు ఆ పరిహారం మామూలు భారం కాదు.

మన ఊళ్లో మెట్రో విషయం చూడండి. అక్కడ ఉన్నది స్వదేశీ సంస్థే అయినా, 2025 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం మొదటి దశను తన చేతిలోకి తీసుకోవడానికి సూత్రప్రాయంగా అంగీకరించినప్పుడు, సుమారు రూ. 13,000 కోట్ల అప్పును నెత్తికెత్తుకుని, సంస్థకు మరో రూ. 2,000 కోట్ల దాకా చెల్లించాలన్నది అవగాహన. వెనక్కి తీసుకోవడం ఎక్కడైనా ఇలాగే ఉంటుంది.

ప్రశ్న: హైదరాబాద్‌కు ఈ చర్చ కొత్తదా?

కొత్తది కాదు, నూట నలభై ఏళ్ల నాటిది. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్ దాకా 1874లో మొదలైన రైలు మార్గం నిజాం ప్రభుత్వ సొమ్ముతో వేసినది. 1883లో ఆ రైల్వేను లండన్‌లో ఏర్పడే కంపెనీకి అప్పగించి, చాందా (నేటి చంద్రపూర్) వైపు పొడిగించే పథకం వచ్చింది. రైళ్లు లాభం తెచ్చినా తేకపోయినా కంపెనీ మూలధనంపై నిర్ణీత వడ్డీని నిజాం ఖజానా భరిస్తుందన్నది అందులో కీలకమైన హామీ. ఈ పథకం వివరాలు ప్రజల ముందు పెట్టి చర్చించాలని నగరంలోని విద్యావంతులు కొందరు ఆందోళన చేశారు. వారిలో ముందున్న అఘోరనాథ చట్టోపాధ్యాయను రాజ్యం నుంచి బహిష్కరించారు. నేటి నిజాం కాలేజీకి తొలి ప్రిన్సిపాల్‌గా, సరోజినీ నాయుడు తండ్రిగా నగరానికి తెలిసిన పేరు ఆయనది. ఆ రైల్వేను నిజాం ప్రభుత్వం తిరిగి కొనుక్కున్నది 1930లో.

అఘోరనాథ్, ఆయన సహచరులు అడిగింది రైలు వద్దని కాదు. ఒప్పందం చూపించమని అడిగారు. ఈ గడ్డ మీద పుట్టిన ఆ డిమాండు పట్ల నాకు అపారమైన గౌరవం ఉంది, ఈ చర్చలో దాన్ని ఇంతగా మరచిపోవడం బాధాకరం.

ప్రశ్న: ఒప్పందంలో ఏయే షరతులను జాగ్రత్తగా చూడాలి?

మొదట చూడవలసినది నష్టం ఎవరి తలపై పడుతుందన్న షరతు. మహారాష్ట్రలోని దాభోల్ విద్యుత్ కేంద్రం దీనికి పాఠ్యపుస్తకం లాంటి ఉదాహరణ. ఎన్రాన్ నాయకత్వంలోని కంపెనీ నుంచి కరెంటు కొన్నా కొనకపోయినా స్థిర చార్జీలు కట్టేలా మహారాష్ట్ర విద్యుత్ బోర్డు 1993లో ఒప్పందం చేసుకుంది, ధర డాలరుతో ముడిపడింది, బోర్డు కట్టకపోతే రాష్ట్రం, రాష్ట్రం కట్టకపోతే కేంద్రం కట్టేలా కౌంటర్ గ్యారంటీ కూడా ఉంది. రూపాయి పడిపోయి ఇంధనం ధర పెరిగేసరికి యూనిట్ ధర బోర్డు మోయలేని స్థాయికి చేరి, 2001లో కొనుగోలు ఆగిపోయింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆర్బిట్రేషన్లు నడిచి, 2005లో గానీ విదేశీ భాగస్వాములతో పరిష్కారం కుదరలేదు. వ్యాపారపు నష్టభయమంతా ప్రభుత్వం మోసి, లాభం మాత్రం కంపెనీకి వదిలిన ఒప్పందం అది.

రెండోది ప్రభుత్వం భవిష్యత్తులో ఏమి చేయకూడదో చెప్పే షరతు. శంషాబాద్ విమానాశ్రయ ఒప్పందంలో 150 కిలోమీటర్ల పరిధిలో 25 ఏళ్లదాకా మరో విమానాశ్రయం రాకూడదన్న నిబంధన ఉంది. వరంగల్ మామునూరు విమానాశ్రయం ఈ పరిధిలోకి వస్తుంది. నిజాం కాలం నాటి రన్‌వే అక్కడ పడి ఉన్నా, దాన్ని తిరిగి తెరవడానికి శంషాబాద్ కంపెనీ నిరభ్యంతర పత్రం ఇవ్వవలసి వచ్చింది. అది అందాక 2025 ఫిబ్రవరి చివరలో కేంద్రం అనుమతి ఇచ్చింది. కంపెనీ అంగీకరించింది కాబట్టి పని జరిగింది. అంగీకరించకపోతే ఓరుగల్లు ప్రజల కోరికా, శాసనసభ తీర్మానమూ రెండూ ఆ ఒక్క నిబంధన దగ్గర ఆగి ఉండేవి. వేల కోట్లు పెట్టినవారికి కొంత రక్షణ కావాలన్న వాదన అర్థమవుతుంది గానీ, ఇంత దీర్ఘకాలం, ఇంత విస్తారమైన పరిధి అవసరమా అన్నది 2004లోనే బహిరంగంగా చర్చించవలసిన విషయం.

మూడోది వివాదం వస్తే ఏ దేశ చట్టం, ఏ ఊరి న్యాయవేదిక అన్నది. కెన్యాలో మొంబాసా–నైరోబీ రైల్వే కోసం తీసుకున్న చైనా అప్పు పత్రాలు 2022లో కొంతవరకు బయటికి వచ్చాక, వివాదాలను చైనా చట్టం కింద బీజింగ్‌లో తేల్చుకోవాలన్న షరతు ఉన్నట్టు కెన్యా ప్రజలకు తెలిసింది. అప్పటికి రైళ్లు నడవడం మొదలై ఐదేళ్లయింది.

ప్రశ్న: విదేశీ ట్రైబ్యునళ్లు మన చట్టాలనూ కోర్టులనూ ప్రశ్నించవచ్చా?

ద్వైపాక్షిక పెట్టుబడుల ఒప్పందాల ద్వారా, అంటే ఒకరి పెట్టుబడులకు మరొకరు రక్షణ ఇస్తామని రెండు దేశాలు చేసుకునే ఒప్పందాల ద్వారా, ప్రశ్నించాయి. మన కోర్టుల్లో కేసు తెమలకుండా ఏళ్ల తరబడి సాగడమే ఒప్పంద ఉల్లంఘన అంటూ ఆస్ట్రేలియాకు చెందిన వైట్ ఇండస్ట్రీస్ 2011లో భారత్‌పై గెలిచింది. వెనుకటి తేదీతో వేసిన పన్ను విషయంలో 2020లో వొడాఫోన్, కెయిర్న్ కంపెనీలకు అనుకూలంగా తీర్పులు వచ్చాయి. కెయిర్న్ పారిస్‌లోని భారత ప్రభుత్వ ఆస్తులను జప్తు చేయించే దాకా వెళ్లింది, 2021 ఆగస్టులో పార్లమెంటు ఆ పన్నునే ఉపసంహరించింది.

ఆ పన్ను న్యాయమైనదని నేను అనను. కానీ పార్లమెంటు చేసిన చట్టం తప్పో ఒప్పో మన రాజ్యాంగ వ్యవస్థలోనే తేలాలి. భారత్ ఈ పాఠం నేర్చుకుంది: 2015 చివర్లో కొత్త నమూనా ఒప్పందాన్ని ఆమోదించి, ఆ తర్వాత 58 దేశాలతో పాత ఒప్పందాలకు ముగింపు నోటీసులు ఇచ్చింది. కొత్త నమూనా ప్రకారం పెట్టుబడిదారు ముందు ఐదేళ్లు మన కోర్టుల్లో పోరాడాలి. యూఏఈతో 2024లో కుదిరిన ఒప్పందంలో ఈ గడువును మూడేళ్లకు తగ్గించారు.

ప్రశ్న: అయితే డబ్బు ఏ దేశానిదన్నది అసలు పట్టించుకోనక్కరలేదా?

పట్టించుకోవాలి, ముఖ్యంగా సరిహద్దు వివాదం ఉన్న దేశం విషయంలో, రేవులు, టెలికాం, విద్యుత్ గ్రిడ్ వంటి చోట్ల. 2020 ఏప్రిల్‌లో కేంద్రం మనతో భూసరిహద్దు ఉన్న దేశాల నుంచి వచ్చే పెట్టుబడులకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసింది. చైనా–పాకిస్తాన్ ఆర్థిక నడవాను భారత్ వ్యతిరేకించడానికి కారణం కూడా స్పష్టం: అది మన దేశం తనదిగా చెప్పే గిల్గిత్–బాల్టిస్తాన్ గుండా పోతుంది. ఆ ప్రాంతంపై మన హక్కును పక్కన పెట్టి వేసిన రోడ్డు కాబట్టి, ఇక్కడ సార్వభౌమత్వ ప్రశ్న ఒప్పంద షరతులతో నిమిత్తం లేకుండానే తలెత్తుతుంది.

ఇంతకన్నా సూక్ష్మమైన ప్రభావం గ్రీసులో కనబడింది. అప్పుల సంక్షోభంలో, రుణదాతల ఒత్తిడి మీద ప్రైవేటీకరణకు దిగిన గ్రీసు 2016లో పిరేయస్ రేవు కంపెనీలో 51 శాతం వాటాను చైనా ప్రభుత్వ సంస్థ కోస్కోకు అమ్మింది. మరుసటి ఏడాది ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలిలో చైనాను విమర్శిస్తూ యూరోపియన్ యూనియన్ చేయబోయిన ప్రకటనను గ్రీసు అడ్డుకుంది. పెట్టుబడికీ ఆ నిర్ణయానికీ నేరుగా ముడి ఉందని ఎవరూ పత్రం చూపలేరు, అటువంటి పత్రం అవసరమూ ఉండదు.

ప్రశ్న: రాష్ట్ర ప్రభుత్వం నేరుగా విదేశీ అప్పు తెచ్చుకోవచ్చా?

రాజ్యాంగంలోని 293వ అధికరణం ప్రకారం రాష్ట్రాలు దేశం లోపలే అప్పు చేయగలవు. జైకా, ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు రుణాలు సాధారణంగా కేంద్రం ద్వారానే వస్తాయి. అయితే 2005 నుంచి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వంటి రాష్ట్రాలకు ఆ రుణాలు వచ్చిన షరతులతోనే బదిలీ అవుతున్నాయి కాబట్టి, యెన్ లేదా డాలరు బలపడితే పెరిగే భారం రాష్ట్ర బడ్జెట్ మీదే పడుతుంది. వడ్డీ శాతం ఒక్కటే చూసి చవక అప్పు అని మురిసిపోకూడదన్నది ఇందుకే.

ప్రశ్న: టోల్ డబ్బు విదేశాలకు తరలిపోతే దేశానికి నష్టం కాదా?

లాభం కొంత బయటికి పోతుంది, నిజమే. దానికి బదులుగా ముందే వచ్చిన వేల కోట్లతో ప్రభుత్వం ఏమి చేసిందన్నది అసలు లెక్క. ఆ సొమ్ము మరో రోడ్డు అయితే నష్టం లేదు, ఆ ఏటి బడ్జెట్ లోటు పూడ్చడానికి కరిగిపోతే వచ్చే తరాల ఆదాయాన్ని ఇవాళే తినేసినట్టు. ఔటర్ రింగ్ రోడ్డును 2023లో రూ. 7,380 కోట్లకు 30 ఏళ్ల లీజుకిచ్చినప్పుడు తీసుకున్న సంస్థ స్వదేశీదే, అయినా ధర చాలదన్న విమర్శ గట్టిగానే వచ్చింది. జాతీయ రహదారులపై టోల్ ధరను కంపెనీ తన ఇష్టానికి పెంచలేదు. 2008 నాటి రుసుము నిబంధనల ప్రకారం ప్రభుత్వమే ఖరారు చేస్తుంది. ధర నిర్ణయించే అధికారం ఎవరి దగ్గరుందన్నది లాభం ఎటు పోతోందన్న దానికన్నా పెద్ద విషయంగా నాకు తోస్తుంది.

ప్రశ్న: డేటా కేంద్రాలను కూడా ఈ కోవలోకి తీసుకోవాలా?

తీసుకోవాలి. అమెజాన్ తన క్లౌడ్ సేవల హైదరాబాద్ కేంద్రాన్ని 2022 నవంబరులో ప్రారంభించింది, మైక్రోసాఫ్ట్ కూడా నగర పరిసరాల్లో డేటా కేంద్రాలకు భారీగా పెట్టుబడి పెడుతోంది. భవనం, నీరు, కరెంటు మనవి. కానీ అమెరికా 2018లో చేసిన క్లౌడ్ చట్టం ప్రకారం, సమాచారం ఏ దేశంలో నిల్వ ఉన్నా అమెరికా కంపెనీలు చట్టబద్ధమైన ఉత్తర్వు వస్తే దాన్ని ఇవ్వవలసి రావచ్చు. కాబట్టి సర్వరు మన నేల మీద ఉందన్న ధీమా చాలదు. ప్రభుత్వ రికార్డులు, ఆరోగ్య వివరాలు ఎక్కడ, ఎవరి తాళం కింద ఉంటాయన్నది టెండరు దశలోనే రాసుకోవాలి.

ప్రశ్న: అసలు విదేశీ సొమ్మే వద్దంటే సరిపోదా?

సరిపోదు. శ్రీశైలం ఎడమగట్టు జలవిద్యుత్ కేంద్రం జపాన్ రుణంతో కట్టినదే. దాన్ని నడుపుతున్నది తెలంగాణ జెన్‌కో, నీటిని ఎప్పుడు వదలాలన్నది మన రెండు రాష్ట్రాల తగాదా, అందులో జపాన్ ప్రస్తావనే రాదు. అప్పు తీర్చే స్తోమత, నడిపే నైపుణ్యం, నిర్ణయాధికారం మన దగ్గర ఉంటే విదేశీ సొమ్ము పనిముట్టుగానే మిగులుతుంది.

ప్రశ్న: ఒక సాధారణ పౌరుడు ఈ ఒప్పందాలను చూడవచ్చా?

చూడవచ్చు, కొంత ఓపిక కావాలి. సమాచార హక్కు చట్టం, 2005 కింద కన్సెషన్ ఒప్పందం (ప్రాజెక్టును నడిపే హక్కును సంస్థకు రాసిచ్చే పత్రం), దాని సవరణలు, అనుబంధాలు, చెల్లింపుల షెడ్యూలు నకళ్లు కావాలని ఆ ప్రాజెక్టును చూసే శాఖ లేదా సంస్థ పౌర సమాచార అధికారికి దరఖాస్తు చేయాలి. సవరణలను విడిగా పేర్కొనడం మరవకండి. అసలు మార్పులు తరచుగా వాటిలోనే జరుగుతాయి. జవాబుకు 30 రోజుల గడువు ఉంది. వాణిజ్య రహస్యమంటూ సెక్షన్ 8(1)(డి)ని చూపి నిరాకరించవచ్చు. అప్పుడు విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే సమాచారం ఇవ్వవచ్చని చెప్పే సెక్షన్ 8(2)ను ఉదహరిస్తూ, 30 రోజుల్లోగా అదే కార్యాలయంలోని అప్పీలు అధికారికి మొదటి అప్పీలు చేయాలి. అక్కడా పని కాకపోతే 90 రోజుల్లోగా, రాష్ట్ర ప్రాజెక్టుకైతే తెలంగాణ సమాచార కమిషన్‌కు, కేంద్ర సంస్థలకైతే కేంద్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు వెళుతుంది. దరఖాస్తును తెలుగులోనే రాయవచ్చు.